గౌతమికి హెచ్ ఉందా?

మా బృందంలో డేటాబేస్‌ల బాధ్యత చూసే పెద్దాయనది కోనసీమ. బెంగళూరులో మారతహళ్ళి వంతెన దగ్గర ట్రాఫిక్‌లో చిక్కుకున్నప్పుడల్లా ఆయనకు ధవళేశ్వరం దిగువన గోదావరి చీలే చోటు గుర్తుకు వస్తుందట. అందుచేత ఆయన పెట్టే పేర్లన్నీ గోదావరి పాయల పేర్లే. జీతాల డేటాబేస్ పేరు గౌతమి.

మొన్న శనివారం రాత్రి జీతాల ప్రోగ్రామును, జావా ప్రోగ్రాములను నడిపే టామ్‌క్యాట్ సర్వర్ మీదికి ఎక్కించే పని నాకు అప్పగించారు. డేటాబేస్ చిరునామా, పాస్‌వర్డ్ ప్రోగ్రాములో ఉండకూడదు. అవి సర్వర్ దగ్గరి కాంటెక్స్ట్ అనే సెట్టింగుల ఫైలులో ఉంటాయి, ప్రోగ్రాము ‘జేడీబీసీ స్లాష్ గౌతమి’ అని పేరు పెట్టి అడిగితే సర్వర్ కనెక్షన్ అందిస్తుంది. జేడీబీసీ అంటే జావా ప్రోగ్రాములు డేటాబేస్‌తో మాట్లాడే పద్ధతి. సర్వర్ మారినా ప్రోగ్రాములో అక్షరం కదపనక్కరలేని ముచ్చటైన ఏర్పాటు అది, పేరు సరిగా పలికినంత కాలం.

సర్వర్ కిక్కురుమనకుండా లేచింది. పేజీ తెరవగానే మాత్రం, తనకు ‘జేడీబీసీ’ అన్న మాటే తెలియదంటూ లాగ్ నిండా దోషాలు గుమ్మరించింది. నా ల్యాప్‌టాప్‌లో ఉన్న వెబ్‌లాజిక్ అనే మరో సర్వర్ ఉత్త పేరుతో పిలిచినా పలుకుతుంది; టామ్‌క్యాట్‌ను అడిగేటప్పుడు ముందు ‘జావా కోలన్ కాంప్ స్లాష్ ఎన్వ్’ అని చేర్చాలి. ఇంటిపేరు ముందు చెప్పడం మనకు కొత్త కాదు గనుక, ఈ సంగతి తట్టడానికి నాకు గంట మాత్రమే పట్టింది.

ఈసారి జేడీబీసీ దొరికింది, గౌతమి దొరకలేదు. వీధి దొరికి ఇల్లు దొరకని చుట్టంలాగా అక్కడక్కడే తిరిగాను. డేటాబేస్‌తో మాట్లాడించే డ్రైవర్ జార్ ఫైలు ఉందో లేదోనని లిబ్ ఫోల్డర్ తెరిచాను, ఉంది. పాస్‌వర్డ్ తప్పయితే వచ్చే దోషం వేరని తెలిసి కూడా దాన్ని రెండుసార్లు సరిచూసుకున్నాను. రాత్రి ఒంటిగంటకు నా తెలివి అంతే. చివరకు పెద్దాయనకు ఫోన్ చేశాను.

“గౌతమి నిక్షేపంలా ఉందండీ. మీరేమని పిలుస్తున్నారు?”

“గౌతమి అనే పిలుస్తున్నానండీ.”

“నేనూ గౌతమి అనే పెట్టానండీ.”

ఈ ధోరణిలో పది నిమిషాలు గడిచాక, ఒక్కొక్క అక్షరమే చదవమని బతిమాలుకున్నాను. నేను రాసినది జీ, ఏ, యూ, టీ. ఆయన రాసినది జీ, ఓ, డబ్ల్యూ, టీ, హెచ్, అందులోనూ మొదటి జీ పెద్దది. చిన్నబడి, పెద్దబడి తేడా కూడా సర్వర్ పట్టించుకుంటుంది. హెచ్ ఎందుకండీ అని అడిగితే, “అది లేకపోతే గౌటమి అయిపోదూ?” అని ఆయన నొచ్చుకున్నారు.

ఆయన అక్షరాలే రాసి, సర్వర్ ఆపి మళ్ళీ లేపితే పేజీ తెరుచుకుంది. ఫోన్ పెట్టేయబోతుండగా ఆయన ఉత్సాహంగా, “వచ్చే నెల సెలవుల లెక్కలకు ఇంకొకటి వస్తోందండీ, వశిష్ఠ అని పెడుతున్నాను” అన్నారు. కాగితం, కలం తెచ్చుకుంటాను, ఒక్క క్షణం ఆగమన్నాను.