కొన్న ఆట ఎవరి సొత్తు?

2014 డిసెంబరులో యూబీసాఫ్ట్ సంస్థ ‘ది క్రూ’ అనే కార్ల పందేల ఆటను విడుదల చేసింది. అమెరికా దేశాన్నంతటినీ కుదించి ఒకే పటంగా మలిచి, న్యూయార్క్ నుంచి లాస్ ఏంజెలెస్ దాకా ఎక్కడా ఆగకుండా కారు నడుపుకుంటూ పోయే వీలు కల్పించిన ఆట అది. ఒంటరిగా ఆడుకోదగిన కథ అందులో ఉన్నప్పటికీ, ఆట నడవాలంటే సంస్థ నడిపే కేంద్ర కంప్యూటర్‌తో, అంటే సర్వర్‌తో, ఎప్పుడూ అనుసంధానమై ఉండాల్సిందే. 2024 మార్చి 31న ఆ సర్వర్లను ఆపేశారు. ఆ తరువాత, పూర్తి ధర చెల్లించి డిస్క్ కొని బీరువాలో దాచుకున్నవారికి సైతం ఆట తెరుచుకోలేదు. డిస్క్ మీద గీత పడలేదు, ఆటలాడే యంత్రం (కన్సోల్) చెడిపోలేదు, ఆట మాత్రం లేదు.

ఎనిమిది బిట్ల పాతకాలపు ఆట యంత్రాల రోజుల నుంచి ఆటలు ఆడుతున్నవాడిగా నాకు కనిపించిన అతి పెద్ద మార్పు ఇదే. తెర మీది బొమ్మలు ఎంత సహజంగా మారాయన్నది అందరూ మాట్లాడుకునే విషయం. దానికన్నా లోతైన మార్పు ఆటకూ ఆటగాడికీ మధ్య ఉన్న హక్కులో వచ్చింది. మన దేశంలో ఈ మార్పు మరీ విచిత్రమైన సమయంలో వచ్చింది. డబ్బు పెట్టి ఆట కొనడం మనం అలవాటు చేసుకుంటున్న రోజుల్లోనే, కొనడమంటే సొంతం చేసుకోవడమన్న అర్థం చెరిగిపోతూ వచ్చింది.

తొంభైల్లో హైదరాబాద్ కోఠిలోనో, విజయవాడ బీసెంట్ రోడ్డులోనో దొరికిన టీవీ వీడియో గేములు చాలావరకు జపాన్‌లో 1983లో వచ్చిన నింటెండో ఫ్యామికామ్ అనే ఆట యంత్రానికి నకళ్లు. క్యాసెట్ మీద వందల ఆటలని రాసి ఉన్నా, కాంట్రా, మారియో వంటి కొన్ని ఆటలే వేర్వేరు పేర్లతో మళ్లీ మళ్లీ వచ్చేవి. ఆ తరువాత సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో విడిభాగాలు కొని కంప్యూటర్ కట్టించుకున్న తరం వచ్చింది. ఆ తరం ఆడిన సీడీల్లో అసలువి ఎన్నో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అసలు ప్రతి కొందామన్నా అది ఊళ్లో దొరకదు, దొరికితే ధర అందదు. 2015 నవంబరులో కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ ఆన్‌లైన్ దుకాణం రూపాయల్లో ధరలు పెట్టడంతో పరిస్థితి మారింది. పండుగ తగ్గింపుల్లో మూడు, నాలుగు వందల రూపాయలకు మంచి ఆట దొరుకుతున్నప్పుడు దొంగ ప్రతి కోసం వెతికే అవసరం తగ్గింది. ఆటను తయారుచేసినవారికి న్యాయంగా దక్కాల్సింది మన చేతుల మీదుగా చేరడం మొదలైంది. ఇది నిజంగా గర్వించదగిన మార్పు. అయితే అలా కొన్న ప్రతిదీ చట్టం దృష్టిలో వాడుకునేందుకు ఇచ్చిన అనుమతి మాత్రమే. ఆ సంగతి ఒప్పంద పత్రాల చిన్న అక్షరాల్లో మొదటి నుంచీ ఉంది. కొనేవారికి స్పష్టంగా చెప్పాలని కాలిఫోర్నియా రాష్ట్రం 2024లో చట్టం చేశాకే ఆ మాట దుకాణం తెర మీదికి వచ్చింది.

సర్వర్ లేనిదే ఆట లేదన్న పరిస్థితి సాంకేతికంగా తప్పనిసరేమీ కాదు. రెండు వేల దశకంలో ఇంటర్నెట్ సెంటర్లలో కౌంటర్ స్ట్రైక్ 1.6 అనే తుపాకుల ఆట ఆడినవారికి ఈ మాట వేరే చెప్పనక్కరలేదు. మూల కంప్యూటర్ దగ్గర కూర్చున్నవాడు న్యూ గేమ్ నొక్కి డస్ట్ 2 అనే మ్యాప్ (పోరాట స్థలం) పెట్టేవాడు. మిగిలినవారు సర్వర్ల జాబితాలో ల్యాన్ (గదిలోని కంప్యూటర్ల అనుసంధానం) అన్న చోట చూస్తే అతని ఆట కనిపించేది. అందులో చేరడమే తరువాయి, ఎడమవైపు వరుస టెర్రరిస్టులు, కుడివైపు వరుస పోలీసులు. ఆ గదిలో ఇంటర్నెట్ పోయినా ఆట ఆగేది కాదు. సర్వర్ ఎక్కడో విదేశంలో కాకుండా, గంటకు ఇరవై రూపాయలకు మనం అద్దెకు తీసుకున్న కంప్యూటర్‌లోనే ఉండేది. ఇరవై ఏళ్ల క్రితం ఆటగాళ్ల చేతిలో ఉన్న ఈ వెసులుబాటును ఆ తరువాత చాలా ఆటల నుంచి తొలగించడానికి కారణం వ్యాపారమే. ఆటగాళ్లే సర్వర్ నడుపుకోగలిగితే, పాత ఆటను మూసి కొత్తదాని వైపు వారిని మళ్లించడం కష్టం. తుపాకీ రంగులూ, దుస్తులూ అమ్ముకోవడం ఇంకా కష్టం.

ఆ అమ్మకాలకు ఒక చరిత్ర ఉంది. 2006లో ‘ఆబ్లివియన్’ ఆటలో గుర్రానికి తొడిగే కవచాన్ని రెండున్నర డాలర్లకు అమ్మినప్పుడు ఆటగాళ్లు మండిపడ్డారు. పదకొండేళ్లు తిరిగేసరికి, పూర్తి ధరకు అమ్మిన ‘స్టార్ వార్స్ బాటిల్‌ఫ్రంట్ 2’లో లోపల ఏముందో తెలియని పెట్టెల ద్వారా బలమైన సామర్థ్యాలను పంచే పద్ధతి వచ్చింది. ఆటగాళ్ల ఆగ్రహానికి తలొగ్గి, దాన్ని విడుదల చేసిన ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ ఆ ఆటలో డబ్బుతో కొనే పద్ధతిని విడుదల వేళకే తాత్కాలికంగా ఆపింది. ఇలాంటి పెట్టెలు జూదమేనని 2018లో బెల్జియం జూద నియంత్రణ సంఘం తేల్చింది. మన దగ్గర 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకైంది. 2018లో పబ్‌జీ మొబైల్ రావడంతో కన్సోల్‌గానీ కంప్యూటర్‌గానీ ముట్టని లక్షల మంది ఆటగాళ్లయ్యారు. ఊరి రచ్చబండ మీద నలుగురు కుర్రాళ్లు స్క్వాడ్ (జట్టు) కట్టి చికెన్ డిన్నర్ కొట్టడం, అంటే ఆట గెలవడం, చూసి నేను సంతోషించాను, ఇప్పటికీ సంతోషిస్తాను. అయితే వారికి ఉచితంగా వచ్చిన ఆటలో యూసీలు (ఆటలోని నాణేలు), రాయల్ పాస్‌లు (సీజన్ బహుమతుల టికెట్లు), స్కిన్‌ల (దుస్తులు, తుపాకీ రంగుల) కోసం పెట్టిన డబ్బుకు భరోసా ఏమిటన్నది 2020 సెప్టెంబరు 2న తెలిసింది. కేంద్రం ఆ యాప్‌ను నిషేధించింది, అక్టోబరు నెలాఖరుకు భారత్‌లో సర్వర్లు ఆగిపోయాయి. 2021లో బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) పేరుతో అది తిరిగొచ్చింది, 2022 జులైలో మళ్లీ మాయమైంది, 2023 మేలో మళ్లీ వచ్చింది. నిషేధాల మంచిచెడ్డలు వేరే చర్చ. సొమ్ము పెట్టినవాడికి ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కడా ఏ మాటా చెల్లలేదన్నదే ఇక్కడ నేను ఎత్తిచూపుతున్నది.

సర్వర్ల మీద, స్కిన్‌ల మీద బతికే ఆటకు ముగింపు అక్కరకు రాదు. రోజువారీ పనులు, వారం గడువు, సీజన్ పాస్ అన్నీ ఆటగాడు పక్కకు వెళ్లకుండా చూసేందుకే. 2001, 2002, 2004 సంవత్సరాల్లో గ్రాండ్ థెఫ్ట్ ఆటో వరుసలో మూడు పెద్ద ఆటలు వచ్చాయి. 2013లో వచ్చిన అయిదో భాగం తరువాతి దానికి పన్నెండేళ్లకు పైగా ఎదురుచూడాల్సి వచ్చింది. ఆటల పరిమాణం పెరిగిందన్న కారణం నిజమే గానీ, ఆన్‌లైన్ విభాగం ఏడాదికేడాది డబ్బు తెచ్చిపెడుతున్నప్పుడు తొందరపడాల్సిన అవసరం ఉండదన్నది కూడా నిజమే.

సర్వర్లకు ఖర్చవుతుందని, పది మంది కూడా ఆడని ఆట కోసం వాటిని కలకాలం నడపలేమని సంస్థలు చెప్పే మాటను నేను కొట్టిపారేయను. కానీ కలకాలం నడపమని ఎవరూ అడగడం లేదు. ‘ది క్రూ’ మూతపడిన తరువాత అమెరికన్ యూట్యూబర్ రాస్ స్కాట్ మొదలుపెట్టిన స్టాప్ కిల్లింగ్ గేమ్స్ ఉద్యమం కోరుతున్నది చాలా చిన్నది. సంస్థ తప్పుకునేటప్పుడు, కొన్నవారు తమంతట తాము ఆడుకోగల స్థితిలో ఆటను వదిలి వెళ్లాలి. ఈ డిమాండ్‌తో యూరోపియన్ యూనియన్‌కు సమర్పించిన పౌర వినతికి 2025 జులైలో సంతకాలు పది లక్షలు దాటాయి. ఒత్తిడికి ఫలితం లేకపోలేదు. ‘ది క్రూ 2’కు ఆఫ్‌లైన్ పద్ధతి తెస్తామని 2024 సెప్టెంబరులో యూబీసాఫ్ట్ ప్రకటించింది. పదేళ్ల పాటు కుదరదనుకున్నది, గట్టిగా అడిగేసరికి కుదిరింది.

సర్వర్ల ఆటే భవిష్యత్తు అన్న నమ్మకం పరిశ్రమలోనే సడలుతోంది. సోనీ ఏళ్ల తరబడి తయారుచేయించిన, సర్వర్ల మీదే నడిచే ‘కాంకర్డ్’ 2024 ఆగస్టు 23న విడుదలై, రెండు వారాలకే సెప్టెంబరు 6న మూతపడింది. కొన్నవారికి డబ్బు తిరిగి ఇచ్చారు, అది మెచ్చుకోవాల్సిన పనే. అంతకు ముందు ఏడాది ఆగస్టులో వచ్చిన ‘బాల్డర్స్ గేట్ 3’లో స్కిన్‌ల దుకాణం లేదు, ఇంటర్నెట్ లేకపోయినా ఒంటరిగా కథంతా ఆడవచ్చు, ఆ కథకు ఒక ముగింపు ఉంది. లక్షల మంది దాన్ని కొన్నారు. ఒకే మనిషి నాలుగేళ్లకు పైగా కూర్చుని తయారుచేసిన ‘స్టార్‌డ్యూ వ్యాలీ’ని 2016 నుంచి ఇప్పటికీ కొంటూనే ఉన్నారు. ఇలాంటివి చూసినప్పుడల్లా ఆటగాళ్ల అభిరుచి చెడిపోయిందన్న మాటను నేను ఒప్పుకోలేను.

ఈ చర్చను పాతకాలపు బెంగగా కొట్టిపారేసేవారు ఒక లెక్క చూడాలి. 2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు అధికారికంగా ఎక్కడా అమ్మకానికి లేవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో వెల్లడించింది. అవి క్యాసెట్ల, డిస్కుల కాలం నాటివి కాబట్టి ఎవరి ఇంట్లోనో ఒక ప్రతి మిగిలి ఉంటుంది. సర్వర్‌లో సగం, ఫోన్‌లో సగం ఉండే నేటి ఆటకు ఆ అవకాశం కూడా లేదు. 2025లో వచ్చిన నింటెండో స్విచ్ 2కు అమ్ముతున్న క్యాసెట్లలో కొన్నింటిలో ఆటే ఉండదు. ఉండేది దాన్ని డౌన్‌లోడ్ చేసుకోవడానికి ఒక తాళంచెవి మాత్రమే. తొలినాళ్ల తెలుగు చిత్రాల ప్రతులు చాలావరకు దొరకని చోట ఉన్న మనకు, సమయానికి దాచకపోతే ఏం పోతుందో తెలుసు.

మన పార్లమెంటు 2025 ఆగస్టులో ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. డబ్బు పందేల ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను (పోటీలుగా ఆడే వీడియో గేములను) గుర్తించింది. రమ్మీ యాప్‌ల వల్ల నాశనమైన కుటుంబాలను చూసి తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లో ఈ దిశగా అడుగులు వేశాయి కాబట్టి దాని అవసరం మనకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. కానీ డబ్బు పెట్టి ఆట కొన్నవాడి హక్కుల గురించి ఆ చట్టం పట్టించుకోలేదు. నియమాలకు సవరణలు వచ్చినప్పుడైనా మూడు విషయాలు చేర్చాలి. సర్వర్లు కనీసం ఏ తేదీ వరకు నడుస్తాయో అమ్మే పేజీలో ధర పక్కనే రాయాలి. ఆ తేదీకి ముందే ఆపితే డబ్బు తిరిగివ్వాలి. ఆపేసే రోజున, ఒంటరిగా ఆడే భాగమైనా ఇంటర్నెట్ లేకుండా నడిచేలా చివరి అప్‌డేట్ విడుదల చేయాలి.