సవరణ: కోడ్ పంపే పద్ధతి గురించి

వంతులవారీ కాలువ నీటి తేదీలు చూపించే మన యాప్‌కి కోడ్ పంపడంపై పోయిన పోస్టులో "మాస్టర్‌కి పుష్ చేయండి, అడిగితే గిట్‌హబ్ పాస్‌వర్డ్ ఇవ్వండి" అని ఉంది. ఆ వాక్యం పక్కన పెట్టేయండి. (గిట్‌హబ్ అంటే మన కోడ్ ఉండే సైట్, పుష్ అంటే మన కంప్యూటర్‌లో రాసింది అక్కడికి ఎక్కించడం.)

గిట్‌హబ్ 2021 ఆగస్టు 13 నుంచి కమాండ్ లైన్‌లో (ఆదేశాలు టైప్ చేసే విండోలో) ఖాతా పాస్‌వర్డ్ తీసుకోవడం మానేసింది. అమలాపురం, భీమవరం పిల్లలకు "ఆథెంటికేషన్ ఫెయిల్డ్" అని వచ్చింది అందుకే, టెన్షన్ పడకండి. పర్సనల్ యాక్సెస్ టోకెన్ (పాస్‌వర్డ్ బదులు గిట్‌హబ్ ఇచ్చే పొడవాటి కోడ్) గానీ, ఎస్‌ఎస్‌హెచ్ కీ (మన కంప్యూటర్‌లో ఉంచుకునే తాళంచెవి లాంటి ఫైల్) గానీ వాడాలి. నన్నడిగితే కీయే నయం. టోకెన్‌కి పెట్టిన గడువు సరిగ్గా పని మధ్యలోనే తీరిపోతుంది.

మన అసలు బ్రాంచ్ (కోడ్ శాఖ) పేరు మాస్టర్ కాదు, మెయిన్. 2020 అక్టోబరు నుంచి గిట్‌హబ్‌లో కొత్త రిపోలకు (ప్రాజెక్టు కోడ్ ఉండే చోట్లకు) మామూలుగా వచ్చే పేరే అది. దానికీ నేరుగా పుష్ కుదరదు. ఫోర్క్ చేసుకుని (మీ ఖాతాలోకి రిపో నకలు తీసుకుని), విడి బ్రాంచ్‌లో రాసి, పుల్ రిక్వెస్ట్ (మీ మార్పులు కలుపుకోమనే అభ్యర్థన) పంపండి.

ఈ వివరాలన్నీ ఇకపై రిపోలో డాక్స్ ఫోల్డర్‌లోని కంట్రిబ్యూటింగ్ ఫైల్‌లోనే (కోడ్ పంపేవాళ్లకు సూచనలుండే ఫైల్) ఉంటాయి. పోస్టుకీ ఫైల్‌కీ తేడా వస్తే ఫైల్‌నే నమ్మండి. బిల్డ్ పద్ధతి (కోడ్ నుంచి యాప్ తయారుచేసే తీరు) మార్చినవాళ్లు అదే పుల్ రిక్వెస్ట్‌లో ఫైల్‌నూ మార్చాలి. తర్వాత రాద్దామంటే, వేసవిలో కాలువలు కట్టేశాక చేద్దామన్న పూడికతీతలా ఏడాదికేడాది వాయిదా పడుతుంది. అక్షరదోషాలు దిద్దడానికి మాత్రం ముందుగా ఇష్యూ (గిట్‌హబ్‌లో సమస్య చెప్పే పోస్టు) తెరవక్కర్లేదు, నేరుగా పంపేయండి.