తప్పు సర్కిల్‌ది కాదు

కూడలిలో ఒక యాక్సిడెంట్ జరిగితే చాలు, మధ్యలో గుండ్రటి గద్దె (ఐలాండ్) ఉండి బళ్లు దాని చుట్టూ తిరిగి పోయే సర్కిల్ పీకేసి సిగ్నల్ పెడదామన్న మాట ముందుకొస్తోంది. ఈ మాట ఇప్పుడు ఏ పట్టణంలో చూసినా వినిపిస్తోంది. సర్కిల్ దగ్గర తాము చేయాల్సిన పనులు చేయకుండా అధికారులు నెపం సర్కిల్ మీదికి నెట్టడం అన్యాయం.

2017 నాటి మోటారు వాహనాల (డ్రైవింగ్) నిబంధనల ప్రకారం సర్కిల్లో తిరుగుతున్న వాహనానికే ముందు దారి. కొత్తగా వచ్చేవాడు ఆగి, కుడివైపు చూసి, సందు దొరికాకే లోపలికి రావాలి. ఎక్కడ ఆగాలో చెప్పడానికి రోడ్డుకు అడ్డంగా ముక్కలుగా తెల్ల గీత, పక్కన తలకిందుల త్రిభుజం బోర్డు ఉండాలి. తమ ఊళ్లో ఎన్ని సర్కిళ్ల దగ్గర ఈ రెండూ ఉన్నాయో మున్సిపల్ కమిషనర్లు చెప్పాలి. గీత గీయరు, బోర్డు పెట్టరు, హెల్మెట్ లేదని మాత్రం ఫొటో తీసి చలానా పంపిస్తారు. రూలు బండి నడిపేవాడికేనా?

ఆగకుండా దూరితే ఏమవుతుందో రోజూ సాయంత్రం చూస్తున్నదే. లోపలున్న లారీ బయటికి పోవాల్సిన దారికి కొత్తగా దూరిన ఆటోలు అడ్డం పడతాయి. లారీ ఆగుతుంది, దాని వెనకది ఆగుతుంది, ఆ వరస చుట్టూ తిరిగొచ్చి అదే ఆటోలను కూడా ఆపేస్తుంది. ఇక ఎవరూ బయటపడలేరు. బ్రిటన్‌లోనూ ఒకప్పుడు ఇదే అవస్థ. 1966 నవంబరులో కుడి నుంచి వచ్చే వాహనానికి దారి ఇవ్వాలన్న రూలు తెచ్చాక ఆ ముడి వీడింది.

నాలుగు రోడ్ల మామూలు కూడలిలో వాహనాల దారులు ఒకదానికొకటి అడ్డొచ్చే చోట్లు 32. ఒకే వరస ఉన్న సర్కిల్లో 8. ఎదురెదురుగా గుద్దుకోవడం పోయి, పక్కపక్కన రాసుకోవడం మిగులుతుంది. వేగం 30 కిలోమీటర్లకు అటూఇటూ ఉంటే దెబ్బ తగిలినా ప్రాణం దక్కే అవకాశం ఎక్కువ. సిగ్నల్ కూడలిని సర్కిల్‌గా మారిస్తే ప్రాణాలు తీసే, గాయపరిచే ప్రమాదాలు 78 శాతం తగ్గుతాయని అమెరికా ఫెడరల్ హైవే విభాగం లెక్క. పైగా కరెంటు పోయినా సర్కిల్ ఆగదు.

నడిపేవాళ్లకూ బాధ్యత ఉంది. ఎడమకు మళ్లేవాళ్లు ముందునుంచే ఎడమ ఇండికేటర్ వేసి ఎడమ అంచునే పోవాలి. నేరుగా వెళ్లేవాళ్లు తాము పోవాల్సిన రోడ్డుకు ముందున్న రోడ్డు దాటగానే ఎడమ ఇండికేటర్ వేయాలి. కుడికి తిరిగేవాళ్లు కుడి ఇండికేటర్‌తో ఐలాండ్ పక్కనే ఉండి, సర్కిల్ వదలబోయే ముందు ఎడమకు మార్చాలి. బస్సుకు ఎడమ పక్కన బైక్ దూర్చకూడదు. బస్సు మళ్లేటప్పుడు దాని వెనక చక్రాలు ముందు చక్రాల కంటే లోపలికి కోసుకొస్తాయి. అన్నిటికంటే ప్రమాదం రాంగ్ రూట్. చుట్టూ తిరగడానికి బద్ధకించి ఎదురు దూరితే, కుడికి చూస్తూ లోపలికొచ్చే వాడిని ఎడమ నుంచి గుద్దినట్టే.

నడిచివెళ్లేవాళ్ల జీబ్రా గీత ఆగే గీతకు ఒక కారు పొడవు వెనక ఉండాలి. రోడ్డు మధ్యలో నిలబడే దిమ్మె ఉంటే ఒక్కోసారి ఒక్క వైపు బళ్లనే చూసుకుని దాటొచ్చు. ఐలాండ్‌లోకి మాత్రం మనిషి అడుగుపెట్టే అవసరమే రాకూడదు. మరి అక్కడ విగ్రహాలు పెట్టిందెవరు? రోడ్ల మీద కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరిలోనే రాష్ట్రాలకు చెప్పింది. అయినా ఖాళీ ఐలాండ్ కనబడితే పార్టీలు వదలడం లేదు. జయంతికీ వర్ధంతికీ దండలు పట్టుకుని జనం తిరిగే బళ్ల మధ్యలోంచి దాటుతున్నారు. అంచున కట్టిన ఫ్లెక్సీల వల్ల కుడి నుంచి వచ్చే బండి కనపడదు. ఆ ఫ్లెక్సీల మీద ఉండేది రోడ్డు భద్రత ర్యాలీలకు జెండా ఊపే నాయకులే. రూలు బండి నడిపేవాడికేనా?

రద్దీ మరీ పెరిగితే సర్కిల్ తట్టుకోదని ఇంజినీర్లు అంటారు. నిజమే, అన్ని రోడ్ల నుంచీ కలిపి గంటకు 3,000 వాహనాలే హద్దని రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1976 నాటి మార్గదర్శకాల్లోనే చెప్పింది. అయితే ఆ లెక్క తీసి జనం ముందు పెట్టండి. అంతకంటే ముందు గీతలు గీయండి, ఫ్లెక్సీలు పీకండి, సర్కిల్ మూతి దగ్గరి ఆటో అడ్డాను అవతలకు పంపండి. ఇవేవీ చేయకుండా సర్కిల్ మీదికి జేసీబీ తెచ్చే అధికారం మీకెవరిచ్చారు?