సీటు కింది నుంచి ల్యాండింగ్

కంప్యూటర్‌లో విమానం నడిపే ఆట అయిన నా ఫ్లైట్ సిమ్యులేటర్‌కు నిన్న మధ్యాహ్నం ఒక భారీ అప్‌డేట్ వచ్చింది. వర్షంలో, చీకట్లో జెట్ విమానాన్ని ఎలా దింపుతారో నిన్న సాయంత్రమే చూపిస్తానని మా బావగారికీ మేనల్లుడికీ నేను ముందే మాట ఇచ్చి ఉన్నాను. ఈ రెండు సంగతులూ ఒకదానితో ఒకటి ఢీకొంటాయని ఎవరికి మాత్రం తెలుస్తుంది? హెడ్‌సెట్ తగిలించుకుని, ఇంట్లో ఎవరికీ అక్కరలేని గంభీర స్వరంతో ప్రయాణికులందరూ సీటు బెల్టులు బిగించుకోవలసిందిగా ప్రకటించి, విమానాన్ని గాలిలోకి లేపాను. ఆ తర్వాత మేఘాలు, మలుపులు, కంట్రోల్ టవర్‌తో సంభాషణలు అన్నీ సవ్యంగానే సాగాయి కనుక వాటిలో చెప్పుకోదగినదేమీ లేదు.

రన్‌వేకు 10 నాటికల్ మైళ్ళ దూరంలో, 3,000 అడుగుల ఎత్తులో ఉన్నాం. మూడు డిగ్రీల వాలులో దిగాలంటే మైలుకు సుమారు 300 అడుగులు తగ్గాలి. 140 నాట్ల వేగంలో, అంటే గంటకు 140 నాటికల్ మైళ్ళ చొప్పున, అది నిమిషానికి దాదాపు 700 అడుగులు అవుతుంది. ఈ లెక్కంతా నేను పైకి చెబుతుంటే మా బావగారు మెచ్చుకోలుగా తల ఊపారు. నిన్న సాయంత్రం మొత్తానికి నాకు దక్కిన గౌరవం అంతే. ఫ్లాప్‌లను, అంటే దిగేటప్పుడు రెక్కల వెనుక అంచున కిందికి వాల్చే పలకలను, ఒక మెట్టు దించే కీ నొక్కి, అవి దిగాయో లేదో చూడడానికి అలవాటు ప్రకారం తెర అడుగుభాగానికి చూపు దించాను. అక్కడ వర్షం పడుతోంది.

ఏళ్ళ తరబడి ఆ చోట సన్నని అక్షరాల వరుస ఒకటి ఉండేది. వేగం ఎంత, ఎత్తు ఎంత, ముక్కు ఏ దిక్కుకు ఉంది, ఫ్లాప్‌లు ఎంతవరకు దిగాయి, చక్రాలు బయట ఉన్నాయా లోపల ఉన్నాయా అన్నీ అది చెప్పేది. దానిని తీసేశారు. తెర మీది గందరగోళాన్ని తొలగించి అనుభవాన్ని మరింత వాస్తవికంగా తీర్చిదిద్దినట్లు తయారీదారులు సెలవిచ్చారు. అసలు విమానంలో పైలట్ కళ్ళ ముందు గాలిలో అక్షరాలు తేలవు కదా అన్నది వారి వాదన. తేలవు, ఒప్పుకుంటాను. కాని అసలు పైలట్‌కు చేతులుంటాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బి-17 బాంబర్లలో ఫ్లాప్‌ల మీటా చక్రాల మీటా ఒకేలా, పక్కపక్కనే ఉండడం వల్ల, క్షేమంగా నేలకు దిగిన పైలట్లు ఫ్లాప్‌లకు బదులు చక్రాలను మడిచేసి విమానాన్ని పొట్ట మీద కూర్చోబెట్టేవారు. ఆల్ఫాన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీనికి విరుగుడుగా చక్రాల మీటకు చక్రం ఆకారాన్నీ, ఫ్లాప్‌ల మీటకు రెక్క ఆకారాన్నీ ఇవ్వమన్నాడు. చీకట్లో తడిమినా ఏది ఏదో తెలిసిపోవాలన్నది ఆయన ఉద్దేశం, పెద్ద విమానాలలో ఆ పిడులు ఈనాటికీ అలాగే ఉన్నాయి. అంతకు ముందే, 1929లో, ఎడ్విన్ లింక్ తయారుచేసిన పైలట్ల శిక్షణ యంత్రం ఆర్గాన్ వాయిద్యాల తిత్తుల సాయంతో అటూ ఇటూ ఒరిగేది. నా కుర్చీ ఒరగదు. నా కీబోర్డులో ఫ్లాప్‌ల కీకీ చక్రాల కీకీ తడిమితే తేడా తెలియదు. ఆ అక్షరాల వరుసే నా చేతులు, నా వెన్నెముక. వాస్తవికత పేరు చెప్పి సరిగ్గా వాటినే ఊడబెరికారు. ఈ వాదనంతా ఇప్పుడు తీరికగా రాయగలుగుతున్నాను గాని, నిన్న ఆ క్షణంలో నా నోటి నుంచి వచ్చినది "ఏదీ?" అన్న ఒక్క మాటే.

సరే, మీట దగ్గరికే వెళ్ళి చూద్దామని మౌస్‌తో కాక్‌పిట్‌లో తల తిప్పాను. ఇంతకు ముందైతే తల ఎంత తిరిగినా, తెర పైభాగాన ఉన్న ఒక బొమ్మ నొక్కగానే చూపు మళ్ళీ ముందుకు వచ్చి నిలిచేది. ఆ బొమ్మ కూడా గందరగోళం పద్దులోకే పోయింది. దాని కోసం మౌస్‌ను ఇటూ అటూ లాగుతుండగా నా తల కుడి పక్కకు తిరిగి, కిందికి జారి, కో-పైలట్ సీటు అడుగుకు వెళ్ళి, అక్కడ స్థిరపడింది.

అక్కడ ఒక మంటలార్పే సిలిండర్ ఉంది. దానిని నేను ఎన్నటికీ మరచిపోలేను. ఎర్రని ఒంటి మీద సన్నని గీతలు, పట్టీ దగ్గర కాస్త రంగు వెలిసిన చోటు, పిన్నుకు కట్టిన ప్లాస్టిక్ సీలు, పక్కనే సీటు తోలు మీద ఒక్కొక్కటిగా లెక్కపెట్టదగిన కుట్లు, అన్నింటినీ ఎవరో మహానుభావుడు నెలల తరబడి కూర్చుని చెక్కి ఉంటాడు. సిలిండర్‌ను ఎలా వాడాలో చెప్పే చీటీలో ప్రతి అక్షరమూ చదువుకోవచ్చు, మా మేనల్లుడు చదివాడు కూడా. పిన్ను లాగవలెను, గొట్టాన్ని మంట మొదలుకు గురిపెట్టవలెను, పిడిని నొక్కవలెను. విమానం ఫ్లాప్‌లు ఏ స్థితిలో ఉన్నాయో చెప్పే నాలుగు అక్షరాలకు తెర మీద చోటు చాలలేదు గాని, సీటు కింద ఎవరూ చూడని చీటీకి మాత్రం కావలసినంత చోటు దొరికింది.

"మావయ్యా, ప్రెషర్ పచ్చ రంగులోనే ఉంది," అన్నాడు వాడు.

ఒక్క క్షణం నాకు ప్రాణం లేచి వచ్చింది. తీరా చూస్తే వాడు చూపిస్తున్నది సిలిండర్ మీది ప్రెషర్ డయల్‌ను. ఆ సమయానికి మొత్తం విమానంలో మాకు కనిపిస్తున్న ఏకైక మీటరు అదే.

"ఒక్క నిమిషం ఆపి చూసుకోవచ్చు కదా బావగారూ?" అన్నారు మా బావగారు, ఎంతో మర్యాదగా. ఆయన మర్యాదే నన్ను ఎక్కువగా బాధించింది. ఆటను నిలిపే కీ నొక్కాను. ఆ కీకి కొత్త ఉద్యోగం ఇచ్చారు, అది ఇప్పుడు ఫొటో తీస్తుంది. విమానం ఆగలేదు గాని, సిలిండర్ ఫొటో ఒకటి ఎంతో స్పష్టంగా నా కంప్యూటర్‌లో భద్రపడింది. నమ్మలేక మళ్ళీ నొక్కాను, మరో ఫొటో.

ఈలోగా ఎత్తు తగ్గుతున్నట్లు విమానంలోని యంత్ర స్వరం ప్రకటించసాగింది. అదృష్టవశాత్తు ఆ గొంతును తీసేయాలని ఇంకా ఎవరికీ తట్టలేదు. 500 అడుగులు దాటాక అది "టూ లో, గేర్" అని మొదలుపెట్టింది. అంటే ఇంత కిందికి దిగినా చక్రాలు బయట లేవని అర్థం. చక్రాల కీ నొక్కాను. చక్రాలు కిందికి దిగి గడియ పడితే కాక్‌పిట్‌లో మూడు పచ్చ దీపాలు వెలుగుతాయి, కాని దీపాలన్నీ పైన ఉన్నాయి, నేను సీటు కింద ఉన్నాను. చక్రాలు దిగడానికి కొన్ని క్షణాలు పడుతుంది కాబట్టి ఆ గొంతు వెంటనే ఆగలేదు. ఆగలేదు కదా అని మళ్ళీ నొక్కాను. అదే కీ చక్రాలను పైకి కూడా లాగుతుందని గుర్తొచ్చి మరోసారి నొక్కాను. మొత్తం ఎన్నిసార్లు నొక్కానో తెలిస్తే చక్రాలు ఎక్కడున్నాయో తెలిసి ఉండేది.

"సరిసంఖ్య అయితే లోపల, బేసిసంఖ్య అయితే బయట, అంతే కదా మావయ్యా?" అన్నాడు మా మేనల్లుడు. వాడికి లెక్కలలో మంచి మార్కులు వస్తాయని మా చెల్లెలు చెబుతూనే ఉంటుంది.

సరిసంఖ్యే అయింది. రన్‌వేను మేము చూడలేదు, విన్నాం. సుదీర్ఘమైన ఇనుప గీరుడు ఒకటి వినిపించింది, సిలిండర్ కొద్దిగా కంపించింది, తర్వాత అంతా ఆగిపోయింది. "సీటు బెల్టులు ఇప్పుడు తీసేయవచ్చునా?" అని మా బావగారు అడిగారు. వారిని సాగనంపడం, మా ఆవిడకు సంజాయిషీ చెప్పుకోవడం వగైరా విషయాలు ఇక్కడ అప్రస్తుతం.

రాత్రి తయారీదారులకు ఫిర్యాదు రాశాను. ఉన్నదానిని తీసేశారని చెప్పుకోవడానికి వారి ఫారంలో ఏ గడీ లేదు. గ్రాఫిక్స్, శబ్దం, కొనుగోళ్ళు, ఇతరములు అని నాలుగే ఉన్నాయి. "ఇతరములు" ఎంచుకుంటే సమాధానం రాదని అనుభవం మీద తెలుసు కనుక గ్రాఫిక్స్ ఎంచుకుని, అక్షరాల వరుస గురించి, చూపును ముందుకు తెచ్చే బొమ్మ గురించి, ఆటను నిలిపే కీ గురించి వివరంగా విన్నవించుకున్నాను. సమస్య తలెత్తినప్పటి తెర చిత్రం తప్పనిసరి అన్నారు కాబట్టి, నా దగ్గరున్న ఫొటోలలో ఒకటి జతపరిచాను. ఈ ఉదయమే సమాధానం వచ్చింది. సమస్యను గుర్తించారట, ఓపిక పట్టినందుకు కృతజ్ఞతలట, మంటలార్పే సిలిండర్ మీది అక్షరాలు వచ్చే అప్‌డేట్‌లో మరింత స్పష్టంగా కనిపిస్తాయట.