కుగ్లర్ డాక్టరమ్మ గారి గురించి కూడా రాయండి

సేవకే జీవితం ఇచ్చేసిన మిషనరీల మీద మీ వ్యాసం చదివానండి. 1842లో గుంటూరు వచ్చిన హేయర్ గారి గురించి, 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి పని చూపించిన ఒంగోలు క్లౌ దొర గారి గురించి చక్కగా రాశారు. కానీ అమెరికా నుంచి వచ్చిన మిషనరీ డాక్టరు అన్నా కుగ్లర్ గారి పేరు ఒక్కసారి కూడా రాకపోవడం బాధేసింది.

1883లో గుంటూరు వచ్చేనాటికే ఆవిడ డాక్టరు. అయినా మిషన్ వాళ్లు పంపింది ఆడవాళ్లకు చదువు చెప్పే పనికి. ఆ పని చేస్తూనే రోగుల్ని చూశారు. మగ డాక్టరు గడప తొక్కడానికి వీల్లేని ఇళ్లు అప్పట్లో ఎన్నో! అలాంటి ఇంట్లో కాన్పు కష్టమైతే ఆ తల్లికి దిక్కెవరు? ఆ ఇళ్లకు ఆవిడ వెళ్లగలిగారు. 1898కి ఆసుపత్రి లేచింది. హిందూ రోగుల బంధువులు ఉండడానికి ఏలూరు రాజావారు సత్రం కట్టించారు. మతం వేరైనా అంత నమ్మకం సంపాదించడం మాటలా?

1930లో గుంటూరులోనే కన్నుమూశారు. రెండో భాగం రాస్తే ఆవిడతో పాటు పనిచేసిన తెలుగు నర్సుల గురించి, ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లకు బైబిలు చెప్పిన ‘బైబిల్ స్త్రీల’ గురించి కూడా దయచేసి రాయండి.