ఇంగెల్స్‌కి ఒక్క వాక్యమేనా?

1950ల నాటి అమెరికన్ ప్రచురణ సంస్థ ఈసీ వేసిన హారర్ కామిక్స్ మీద మీ వ్యాసం ఆసాంతం చదివాను. చిత్రకారులు జాక్ డేవిస్, వాలీ వుడ్‌ల గురించి అంత ఇష్టంగా రాసి, వాళ్లతో పాటే బొమ్మలు గీసిన గ్రాహమ్ ఇంగెల్స్‌ని ఒక్క వాక్యంలో దాటేయడం బాధనిపించింది. ఈసీ వారి 'ది హాంట్ ఆఫ్ ఫియర్' పత్రికకి ప్రాణం పోసింది ఆయనే కదండీ! అందులో కథలు చెప్పే ముసలి మంత్రగత్తెని దగ్గరగా చూడండి: తెరిచిన నోట్లో తీగలుగా సాగే చొంగ, ఎండుకొమ్మల్లా వంకర్లు పోయిన వేళ్లు. సిరా ఇంకా ఆరక కిందికి కారుతున్నట్టే ఉంటుంది. సంతకం కూడా 'గాస్ట్లీ' (భయంకరం) అనే పెట్టేవారు.

ఆయన బొమ్మలు గీసిన కథల్లో నాకు 1952లో వచ్చిన 'పొయెటిక్ జస్టిస్' అన్నిటికంటే ఇష్టం. పిల్లలంటే ప్రాణమిచ్చే ఓ పేద ముసలాయన్ని పొరుగున ఉన్న డబ్బున్నవాళ్లు విషం కక్కే వాలెంటైన్ కార్డులు పంపి, ప్రాణం తీసుకునేలా చేస్తారు. సమాధిలోంచి లేచొచ్చిన శవం కన్నా, అంతకుముందు ఆ కార్డులు చదువుతున్న ముసలాయన ముఖమే నన్ను వదల్లేదు. జాలిని కూడా అంత బాగా గీసిన చెయ్యి అది.

1954లో కామిక్స్‌లో భయానక దృశ్యాలకి అడ్డుకట్ట వేసే నియమావళి, కామిక్స్ కోడ్, వచ్చాక ఆ పత్రికలు ఆగిపోయాయి. ఇంగెల్స్ తర్వాత ఫ్లోరిడాలో చిత్రకళ నేర్పుతూ బతికారు. పాత బొమ్మల ఊసెత్తడం ఆయనకి ఇష్టముండేది కాదు. 1991లో పోయారు. దయచేసి ఆయన ఒక్కరి మీదే ఇంకో వ్యాసం రాయండి.