సెకనుకు 260 అడుగుల పరువు

మా ఉదయగిరిలో ఒక టీ అంగడి దగ్గర పది రోజులుగా మహాచర్చ నడుస్తోంది. వేటకు తూటా కొనేటప్పుడు ముందు చూడాల్సింది దాని వేగమేనా, కాదా? చర్చిస్తున్న ఏడుగురిలో ఒక్కరికీ తుపాకీ లేదు, లైసెన్సు లేదు. వన్యప్రాణి చట్టం పుణ్యమా అని ఇక్కడ వేటకు దారే లేదు. ఇలాంటి చిల్లర కారణాలకు ఆగిపోతే టీ అంగళ్ళు బతికేదెట్టా?

అంటించింది మా బావ. వాళ్ళబ్బాయికి టెక్సాస్‌లో ఉద్యోగం, సెలవు దొరికితే అడవిపందుల వేట. వాడిది 6.5 క్రీడ్‌మోర్, 2007లో వచ్చిన తూటా. 140 గ్రెయిన్ల, అంటే సుమారు తొమ్మిది గ్రాముల గుండు సెకనుకు సుమారు 2,700 అడుగుల వేగంతో గొట్టం దాటుతుంది. పక్క ఫ్లాట్‌లో ఉండే ఒంగోలు కుర్రాడేమో 1963 నాటి .300 వించెస్టర్ మాగ్నమ్ కొన్నాడు. 180 గ్రెయిన్ల గుండు, వేగం 2,960 దాకా. అంటే 260 అడుగులు ఎక్కువ! ప్రకాశం జిల్లా గుండు నెల్లూరు జిల్లా గుండును దాటిపోవడమా? బావకు నిద్ర లేదు.

నేను బావ పక్షమే, వేగమే ముందు. 2,960 అడుగులంటే గంటకు దాదాపు 3,250 కిలోమీటర్లు. నెల్లూరు నుంచి చెన్నైకి మూడుంపావు నిమిషాలు. టోల్‌గేటు దగ్గర ఫాస్టాగ్ మొరాయిస్తే అది వేరే సంగతి. పైగా వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలవుతుంది. బళ్ళో చదువుకున్నదే, కాకపోతే ఆ రోజు మేమంతా చిట్టీలు రాసే పనిలో ఉన్నాం.

గిట్టనివాళ్ళు వేరే లెక్కలు తీస్తారు. రెండు తుపాకులకూ 200 గజాలకు గురి సరిచేసి 300 గజాల దగ్గర చూస్తే, రెండు గుండ్లూ ఏడెనిమిది అంగుళాలు కిందికి జారతాయట. వాటి మధ్య తేడా ఒక అంగుళం, అటూ ఇటూ. ఆ అంగుళం కోసం భుజం రెట్టింపు తన్ను తినాలట. తన్నుకు జడిసి కళ్ళు మూసుకుని ట్రిగ్గర్ లాగితే గుండు తుమ్మచెట్టుకు తగులుతుందట. తేలిక గుండును మరీ దూకుడుగా పంపితే దగ్గర్లో పైపైనే పగిలిపోయి లోపలికి దిగదట, మరీ నెమ్మదిగా పోతే మొన విచ్చుకోదట. ఇవన్నీ నిజాలే. నిజం చెప్పి టీ అంగట్లో గెలిచినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

అంతటితో ఆగారా? బెల్ అనే దొర ఆఫ్రికాలో ఏనుగుల్ని పడగొట్టింది ఎక్కువగా 7 మిల్లీమీటర్ల మౌజర్ తూటాతోనే, వేగం 2,300 చిల్లర, అన్నాడు రిటైరైన మా లెక్కల మాస్టారు. ఏనుగు పుర్రెను కోసి చూసి, ఎక్కడ కొట్టాలో నేర్చుకున్నాడట. నరభక్షక పులుల్ని వేటాడిన జిమ్ కార్బెట్ చేతిలోని .275 రిగ్బీ తుపాకీలో వాడిందీ అదే తూటా.

బావ గ్లాసు కింద పెట్టి, "కార్బెట్టుకు పక్కింట్లో ఒంగోలోడు లేడు మాస్టారూ" అన్నాడు. మాస్టారి దగ్గర జవాబు లేదు.

మొన్న రాత్రి అబ్బాయి ఫోన్ చేశాడు. స్పీకర్ ఆన్.

"ఏందిరా, పంది దొరికిందా?"

"తప్పిపోయింది నాన్నా. కదిలింది."

"ఎంత దూరం?"

"ఎనభై గజాలు."

"చూశావా! మాగ్నమైతే అది కదిలేలోపే తగిలేది."

కాగితం తీసి లెక్క వేశాను. ఎనభై గజాల దూరానికి రెండు గుండ్ల మధ్య తేడా సెకనులో నూరో వంతు కూడా లేదు. కానీ పంది సరిగ్గా ఆ నూరో వంతులోనే కదిలి ఉంటే? బావకు అదే చెప్పాను. ఆ రోజు టీ ఆయనే పోయించాడు.

ఇంతలో కొండ కింద శనక్కాయ వేసిన రైతొకాయన వచ్చాడు. రాత్రి పందులు పడి రెండు సాళ్ళు తవ్వేశాయట. వేళ్ళ సందుల్లో మట్టి ఇంకా ఆరలేదు. వేగం గురించి అడగడానికొచ్చాడనుకుని బావ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"అక్క పాత చీరలు ఏమన్నా ఉంటే ఇప్పించన్నా, చేను చుట్టూ కడతా" అన్నాడాయన.

నాలుగు ఇచ్చి పంపారు. అందులో ఒకటి బావ పెళ్ళిరోజుకు కొన్న ఎర్ర చీరట. ఇంట్లో ఇప్పుడు నడుస్తున్న చర్చ అదే.